ప్రధానోపాధ్యాయుడును డాక్టరు పట్టమును

విద్యానాయకత్వమునందు పరిశోధన చేసి డాక్టరు పట్టమును బడయగోరు ఉపాధ్యాయులును, ప్రధానోపాధ్యాయులును మన పట్టణములలో గానవచ్చుచున్నారు. వారికి పగలు బడి, రాత్రి పుస్తకము. జీతములో కొంత భాగము రుసుములకు, సెలవుదినములు విశ్వవిద్యాలయ ప్రయాణములకు. నలుబదియేండ్లు దాటిన పిమ్మట మరల విద్యార్థియై కూర్చుండువాని శ్రమను మేము చులకన చేయము. కాని యా శ్రమఫల మెవరికి జేరుచున్నదని యడుగు హక్కు, ఆ బడికి తమ బిడ్డలను పంపు తల్లిదండ్రులకు గలదు.

పట్టము లేనివారు విద్యాలయములను నడపలేదా యని కొందరు వాదింతురు. చరిత్రయు వారిపక్షముననే సాక్ష్యమిచ్చును. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని వీడి, 1922లో మరణించువరకు బందరు జాతీయకళాశాలనే తమ జీవితముగా జేసికొనిరి. 1926లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ప్రథమ వైస్ ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిగారు, 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా నిచ్చిరి. వీరిలో నెవ్వరికిని విద్యానాయకత్వమున డాక్టరు పట్టము లేదు. అయినను ఈ వాదమును మేము పూర్తిగా నంగీకరింపజాలము. ప్రతి బడికిని ఒక హనుమంతరావుగారు లభించువరకు బాలురు వేచియుండగలరా? బడులను నడపవలసినవారు మనవంటి సామాన్యులే. ఉపాధ్యాయుల నొక్కమాటపై నిలుపుట, నిధులను సద్వినియోగము చేయుట, బడి మానిన బాలికను మరల రప్పించుట, ఇవి యన్నియు నేర్చుకొనవలసిన పనులే.

ఈ సంగతి ప్రభుత్వమున కెరుకలేకపోలేదు. ఢిల్లీలో 1962లో యునెస్కో ప్రాంతీయకేంద్రముగా నారంభమై, 2006లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నందిన జాతీయ విద్యాప్రణాళికా పరిపాలనా సంస్థ డాక్టరు పట్టముల నిచ్చుచున్నది. ప్రధానోపాధ్యాయు లేటేట 50 గంటలకు తక్కువగాని శిక్షణ పొందవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. శిక్షణ కావలెననుటలో వివాదము లేదు. ఎట్టి శిక్షణ యన్నదే ప్రశ్న.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022లో చేసిన నిబంధనలను జూడుడు. పరిశోధనకు మూడేండ్లు కనీసకాలము. ఆరేండ్లు సాధారణమైన గరిష్ఠకాలము. ఉద్యోగి పని చేయుచునే చదువవలెనన్నచో, అతనికి తగిన తీరిక గలదని యజమాని ధ్రువపత్ర మీయవలెను. ఇది సమంజసమే. కాని యా పత్రమున తీరిక ప్రసక్తియే గాని, ఆ పరిశోధనవలన ఆ బడికి గలుగు మేలు ప్రసక్తి లేదు. గ్రంథచౌర్యము నరికట్టుటకు 2018లో ప్రత్యేక నిబంధనలే చేయవలసివచ్చె ననిన, పట్టముపై గల మోజు కొందరి నెంతదూరము దీసికొనిపోవునో వేరుగ జెప్పనేల?

అమెరికాలో ఈ ప్రశ్న మనకంటె ముందే పుట్టినది. హార్వర్డు విశ్వవిద్యాలయము 1920లో విద్యాశాఖ నెలకొల్పి, విద్యాశాస్త్రమున ప్రత్యేక డాక్టరు పట్టము నీయదొడగెను. పండితులను తయారుచేయుట వేరు, విద్యాసంస్థలను నడపువారిని తయారుచేయుట వేరు అని గ్రహించి, 2010లో విద్యానాయకత్వమునకు మరియొక పట్టమును స్థాపించెను. అది మూడేండ్ల చదువు. మూడవయేట విద్యార్థి తరగతిని వీడి, నడచుచున్న యొక విద్యాసంస్థలో జేరి పని చేయవలెను. ఆ పనిని గూర్చియే తుదివ్యాసము వ్రాయవలెను. పరదేశపు పట్టమును మేము పొగడుట లేదు. చదువును పనితో ముడివెట్టిన పద్ధతిని మాత్రము మెచ్చుచున్నాము. బందరు జాతీయకళాశాల చేతిపనిని చదువు ప్రక్కనే నిలిపినప్పుడు పాటించిన ధర్మ మిదియే గదా!

కావున మేము కోరునవి మూడు. ప్రధానోపాధ్యాయుడు తన పరిశోధనాప్రశ్నను తన బడి గుమ్మమునుండియే తీసికొనవలెను. బాలురు ఏడవతరగతికి వచ్చియు తెలుగు చదువలేకపోవుటకు గారణమేమి? వానకాలమున హాజరు తగ్గుటేల? ఇంతకుమించిన ప్రశ్న లెందుల కన్వేషించుట? ఇక రెండవది. సిద్ధాంతవ్యాసము ఏ భాషలో నున్నను, దాని సారమును పదిపుటల తేటతెలుగున వ్రాసి తల్లిదండ్రుల యెదుట చదివి వినిపింపవలెను. ఎవరి బిడ్డలనుగూర్చి వ్రాసిరో వారికే తెలియని భాషలో నది బీరువాలో నుండిపోవుట న్యాయము కాదు. మూడవది, ఇట్టి పరిశోధకునకు ప్రభుత్వము వేతనముతో సెలవిచ్చి, అతని స్థానమున మరియొకరిని నియమింపవలెను. అతడును పట్టము గొన్న పిమ్మట కొన్నియేండ్లు ఆ బడులకే సేవ చేయవలెను. నాయకుడు చదువుకొనుచున్న కాలమున బడి దిక్కులేక యుండుట యేమి న్యాయము?

పఠనమందిరముల సోదరులారా! మీ యూరి ప్రధానోపాధ్యాయుడు డాక్టరై తిరిగివచ్చిననాడు తప్పక పూలమాల వేయుడు. కాని సభ ముగియకముందే లేచి, “అయ్యా, తమ గ్రంథమువలన మన బడిలో రేపటినుండి మారునదేమి?” యని వినయముగ నడుగుడు. ఆయన వెంటనే సమాధానము చెప్పగలిగెనా, ఆ పట్టము ఆయనదే గాదు, మన యూరిది కూడ. చెప్పలేకపోయెనా, పూలమాల వాడకముందే ఆ పట్టము వాడినదని యెరుంగుడు.