అమ్మానాన్నల ఫైల్ రెడీగా ఉందా?

జాబ్ వచ్చింది, సిప్ మొదలుపెట్టారు. బాగుంది. మరి రేపు నాన్న మంచాన పడితే ఖర్చు ఎలా? ‘ఆయుష్మాన్ కార్డు ఉందిగా’ అని ధీమాగా ఉండకండి. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యం ఇస్తున్నారు. అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో పెట్టుకునే ఆయా జీతం అందులో రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను రూ.4 వేలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైతే రూ.15 వేలు. మిగతాది ఇంటి పొదుపులోంచే తీయాలి.

అసలు చిక్కు ఇక్కడే. స్ట్రోక్ వచ్చి నాన్నకు మతి స్థిమితం తప్పితే, ఆయన డబ్బు ఆయన వైద్యానికే అందదు. అప్పటికే రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లదు. అందుకే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా ఖాతాను ఇప్పుడే జాయింట్ చేయించండి. నామినీ పేర్లు సరిచూడండి. వీలునామా గురించి అడగండి.

ఇల్లు మీ పేర రాయమని మాత్రం తొందరపెట్టొద్దు. రాసినా, వాళ్లను చూసుకోవాలనే షరతు దస్తావేజులో ఉండేలా చూడండి. ఆ మాట తప్పితే 2007 నాటి వయోవృద్ధుల చట్టం సెక్షన్ 23 కింద ట్రైబ్యునల్ ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయొచ్చు.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక గంట దీనికి కేటాయించండి. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. అయినా నాన్న సంతకం పెట్టగలిగినప్పుడే అడగాలి.