సర్వీసు ఛార్జి చెల్లించక తప్పదా?

బోధన్‌: ఇంటిల్లిపాదీ నిజామాబాద్‌ వెళ్లి పదిహేను మంది కలిసి భోజనం చేశాక బిల్లులో పది శాతం సర్వీసు ఛార్జి కనిపిస్తే చెల్లించక తప్పదా? ఆ అవసరం లేదు. హోటళ్లు దీనిని తమంతట తాము బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించి అదే నెలలో స్టే పొందాయి. 2025 మార్చి 28న న్యాయస్థానం వాటి పిటిషన్లను కొట్టివేసి, చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించింది. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి.

బృందం పెద్దదైతే వసూలు చేయవచ్చన్న మినహాయింపు మార్గదర్శకాల్లో లేదు. పేరు మార్చి వసూలు చేసినా తప్పే. జీఎస్టీ వేరు, అది చెల్లించాల్సిందే. గిట్టుబాటు కాకుంటే యజమాని వంటకాల ధర పెంచుకోవచ్చు. వడ్డించిన కుర్రాడికి ఇవ్వదలచినది అతడి చేతికే ఇవ్వడం మేలు. ఛార్జి తొలగించేందుకు నిరాకరిస్తే 1915కు ఫోన్‌ చేయవచ్చు. కలెక్టరుకు గానీ, నిజామాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గానీ ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు మాత్రం పారవేయరాదు.