రౌటర్‌లో తెరిచిన దొడ్డి తలుపు

2022 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన రికార్డెడ్ ఫ్యూచర్ సంస్థ ఒక నివేదిక వెలువరించింది. లద్దాఖ్ సరిహద్దుకు దగ్గరగా ఉత్తర భారతంలోని కనీసం ఏడు విద్యుత్ లోడ్ డిస్పాచ్ కేంద్రాలపై చైనాతో సంబంధమున్న హ్యాకర్లు కన్నేశారన్నది దాని సారాంశం. ప్రయత్నాలు జరిగిన మాట నిజమేననీ, అవి ఫలించలేదనీ అప్పటి విద్యుత్ మంత్రి ఆర్.కె.సింగ్ చెప్పారు. సరిహద్దు, చైనా, కరెంటు అన్న మూడు మాటల చుట్టూ చర్చ తిరిగింది. నివేదికలోని మరో విషయాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. హ్యాకర్లు తమ ఆదేశాలను నడిపించడానికి ఇంటర్నెట్‌కు నేరుగా కనిపించే సీసీ కెమెరాలను, వాటి రికార్డర్లను ముందుగా చెరబట్టి వాడుకున్నారని అందులో అంచనా వేశారు. ఎక్కడో ఎవరి గోడకో ఉన్న కెమెరా మరో దేశపు గ్రిడ్ మీదికి దారి అయిందన్నమాట.

ఆ దారి ఎలా ఏర్పడుతుంది? ఇంట్లో రౌటర్ మామూలుగా ఒక మంచి పని చేస్తుంది. లోపలివారు అడిగినదానికి వచ్చే జవాబునే రానిస్తుంది, పిలవని పేరంటానికి వచ్చినవారిని గుమ్మం బయటే ఆపేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ ఆ నియమానికి మనం ఇచ్చే మినహాయింపు. ఫలానా నంబరు మీద ఎవరు తట్టినా నేరుగా ఫలానా కంప్యూటర్ దగ్గరికి పంపించమని రౌటర్‌కు చెబుతాం. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు ఆ నంబరు 3389. 2020 లాక్‌డౌన్‌లో ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచి వాడుకోవడానికి ఎంతోమంది ఈ దారే పట్టారు. అవసరం అలాంటిది, తప్పు పట్టలేం. కానీ తట్టేది ఎవరో రౌటర్ అడగదు. ఇంటర్నెట్ చిరునామాలను వరసపెట్టి గాలించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. నంబరు మార్చుకుంటే చాలని కొందరంటారు. తలుపును పక్కగోడకు మారిస్తే గడియ పడినట్టు కాదు.

పాస్‌వర్డ్ గట్టిదైతే చాలదా అంటే, అన్నిసార్లూ చాలదు. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్ యంత్రాల్లోకి దూరే వీలుండేది. ఎప్పుడో పక్కన పెట్టేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ సవరణ ఇవ్వాల్సి వచ్చింది. కెమెరాల సంగతి ఇంకా అధ్వానం. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు అలాగే ఉన్న కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పోగేసి సైన్యంలా వాడుకుంది.

మన దేశంలో చాలా ఇళ్లు ఒక విధంగా అదృష్టంతో బయటపడుతున్నాయి. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే చిరునామాను ఎందరికో పంచుతాయి కాబట్టి బయటివారు నేరుగా తట్టలేరు. ప్రమాదమంతా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకునే దుకాణాలు, ఆడిటర్ ఆఫీసులు, చిన్న ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లకే.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందనలేం. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. సీసీ కెమెరాల భద్రతా పరీక్షల నిబంధన 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అయితే మొదటిది సంస్థల కోసం, రెండోది కొత్తగా అమ్మే సరుకు కోసం. ఇప్పటికే గోడలకు బిగించి ఉన్నవాటికి, వాటి కోసం రౌటర్లలో తెరిచిన సందులకు జవాబుదారీ ఎవరు? నా దృష్టిలో ఆ బాధ్యత ఇంటర్నెట్ కంపెనీలదే. స్టాటిక్ ఐపీ అమ్మేటప్పుడే 3389 వంటి నంబర్లను మూసి ఇవ్వాలి, తెరవాలంటే వినియోగదారు రాసి అడగాలి. తెరిచి ఉన్నట్టు కనిపిస్తే కబురు పెట్టాలి. సొంత సర్వర్లు నడుపుకునేవారి స్వేచ్ఛకు ఇది అడ్డమంటారేమో. అడగడం తెలిసినవారికి ఒక్క దరఖాస్తు భారం కాదు.

మా అపార్ట్‌మెంట్‌లో కెమెరాలు బిగించిన కుర్రాడు పోర్టులు తెరిచి, పాస్‌వర్డ్ అడ్మిన్ అనే ఉంచి వెళ్లాడు. రెండేళ్లకు గానీ మేం చూసుకోలేదు. ఆ నియమాలన్నీ తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, రౌటర్‌లోనే వీపీఎన్ పెట్టించాం. ఇప్పుడు ఫోనులో గేటు చూడాలంటే ముందు వీపీఎన్ ఆన్ చేయాలి. ఆ ఒక్క నొక్కుడు ఎక్కువైందని మా సెక్రటరీ ఇంకా గొణుగుతూనే ఉన్నారు.