దరఖాస్తు ఫారం దాకా తోడు వెళ్దాం

పోయిన ఏడాది మా సంస్థలో మండల కోఆర్డినేటర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. అభ్యర్థులు డిగ్రీ చదివి ఉండాలి అని నోటీసులో రాశాం. ఆ వాక్యం రాసింది నేనే. వచ్చిన దరఖాస్తుల్లోంచి పట్నంలో ఎమ్మెస్‌డబ్ల్యూ చదివిన ఇరవై మూడేళ్ల అమ్మాయిని తీసుకున్నాం. మంచి పిల్ల, చురుకైనది. చేరిన మొదటి నెలంతా ఆమెను వెంటబెట్టుకుని ఊళ్లు తిప్పి, సంఘాలను పరిచయం చేసి, పోలీస్‌స్టేషన్లో ఎవరితో ఎలా మాట్లాడాలో నేర్పింది మాత్రం పన్నెండేళ్లుగా మా దగ్గర గ్రామ కార్యకర్తగా పనిచేస్తున్న సహచరి.

"నువ్వెందుకు అప్లై చెయ్యలేదు?" అని చాలా రోజుల తర్వాత ఆమెను అడిగాను.

"డిగ్రీ అడిగిన్రు గదక్కా. నాకు పదే లేదాయె" అంది.

నాకు సిగ్గేసింది. ఆమె రాసిపెట్టిన ఫిర్యాదులతో గృహహింస కేసులు నడిచాయి. ఆమె నడిపిన రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు ఇవాళ సంఘం లెక్కలు రాస్తున్నారు. ఇంతమందికి చదువు చెప్పిన మనిషి తన చదువు ఏడో తరగతి దగ్గర ఎందుకు ఆగిపోయిందో, మళ్లీ మొదలుపెట్టాలని ఉందో లేదో పన్నెండేళ్లలో ఒక్కసారీ మేము అడగలేదు.

అడిగాక తెలిసింది, ఆమె ఎప్పుడో ప్రయత్నించిందని. కొన్నేళ్ల క్రితం బస్టాండు దగ్గర ఒక ట్యుటోరియల్ వాళ్లు "పదో తరగతి ఒకే ఏడాదిలో, గ్యారంటీ పాస్" అని బోర్డు పెట్టారు. పొదుపు సంఘంలో అప్పు తీసి ఎనిమిది వేలు కట్టింది. పరీక్ష పేరుతో ఒకరోజు ఏవో కాగితాలు రాయించుకున్నారు. సర్టిఫికెట్ ఇచ్చారు. అంగన్‌వాడీ పోస్టుకి వెళితే, ఆ బోర్డుకి గుర్తింపే లేదని కాగితం వెనక్కి ఇచ్చేశారు. అప్పు మాత్రం రెండేళ్లు కట్టింది. ఎవరికీ చెప్పుకోలేదు. "పది మందికి చెప్పేదాన్ని నేనే మోసపోయిన అంటే నవ్వరా?" అంది. న్యాయ సహాయ శిబిరాలు పెట్టే సంస్థలో పనిచేస్తూ కూడా ఆమె ఆ మాట మాతో చెప్పుకోలేకపోయింది. ఇందులో తప్పెవరిది?

మన ప్రాంతంలో పెద్దవయసు ఆడవాళ్ల చదువు కొత్త సంగతేమీ కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. జైలు నుంచి వచ్చాక ఆమె ప్రైవేటుగా చదివి బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసయింది. మద్రాసులో చుట్టుపక్కల ఆడవాళ్లను చేరదీసి అదే పరీక్షకు చదివించింది. 1937లో ఏర్పడిన ఆంధ్ర మహిళా సభకు ఆ చదువులు ఒక పునాది. ఆమె అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. పెద్దవాళ్ల చదువు ఎంత దూరం పోగలదో ప్రభుత్వాలకంటే ముందే మనకు తెలుసు.

అయినా చట్టం దృష్టిలో ఆ చదువు హక్కు కాదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకానే. ఆ వయసులో బడి మానిపించి పెళ్లి చేసిన పిల్లకు తర్వాత ఎవరూ బాకీ లేరన్నమాట. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ల అక్షరాస్యత సుమారు 75 శాతం ఉంటే ఆడవాళ్లది 59 శాతం. చదువు లేకపోవడాన్నే శిక్షగా మార్చిన రాష్ట్రమూ ఉంది. హర్యానా 2015లో పంచాయతీ ఎన్నికల్లో పోటీకి విద్యార్హత పెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బడికి పంపనిది సమాజం, పోటీ హక్కు పోయింది ఆమెకు. ఆ తీర్పుని మనమంతా విమర్శించాం. మరి మా నోటీసులో నేను రాసిన వాక్యం దానికి ఎంత దూరంలో ఉంది?

కాబట్టి రెండు పనులు కలిసి జరగాలి. అనవసరంగా సర్టిఫికెట్ అడిగే చోట దాన్ని ప్రశ్నించాలి. అవసరమైన చోట ఆ సర్టిఫికెట్ ఆమె చేతికి వచ్చేదాకా తోడుండాలి. ఈ ఏడాది ఆమెతోపాటు దరఖాస్తు దగ్గర నుంచి తిరిగాక నాకు అర్థమైందేమిటంటే, మన ఆడవాళ్లు పాఠాల దగ్గర కంటే ముందే, చేరేచోటే ఆగిపోతున్నారు. అందుకే మేము నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ సంఘం మీటింగులో చదివి వినిపించండి.

మొదట, ఏ తలుపు తట్టాలి? బడి మానేసినవాళ్లు పదో తరగతికి, ఇంటర్‌కి రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీలో గానీ, ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో గానీ చేరవచ్చు. పదికి కనీసం పద్నాలుగేళ్లు నిండాలి. పై వయసుకు హద్దు లేదు, అరవై ఏళ్ల అమ్మమ్మ కూడా చేరవచ్చు. తెలుగులోనే చదివి తెలుగులోనే రాయవచ్చు. అసలు బడికే పోనివాళ్లు కూడా, చదవడం రాయడం వచ్చి పదో తరగతి పాఠాలు అందుకోగలమని స్వయంగా రాసి ఇచ్చి ఎన్‌ఐఓఎస్‌లో పదికి చేరవచ్చు. డిగ్రీకైతే దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాదులో 1982లో పుట్టింది. అంబేద్కర్ పేరు పెట్టుకుని నడుస్తున్నది అదే. 1985లో వచ్చిన ఇగ్నో ఉంది. కొన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కూడా దూరవిద్య నడుపుతున్నాయి. ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి పాత బ్రోచరు చూసి చెప్పకండి. ఆ ఏటి ప్రాస్పెక్టస్ తెప్పించండి.

రెండోది గుర్తింపు. డబ్బు కట్టకముందే చూడాల్సింది ఇదే. డిగ్రీకైతే ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకి, ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యుజిసి దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఉంటుంది. మూడూ చూడాలి. ఫ్రాంచైజీ సెంటర్లకు యుజిసి అనుమతి లేదు. పది, ఇంటర్ అయితే బోర్డు పేరు పూర్తిగా రాసుకుని జిల్లా విద్యాశాఖాధికారి ఆఫీసులో అడగండి. పేర్లో "ఓపెన్" అని ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వానిది అయిపోదు. పరీక్ష రాయకుండా పాస్ చేయిస్తామన్న చోటికి అసలు పోవద్దు. ఫీజు నేరుగా బోర్డుకి కట్టి రసీదు దాచుకోవాలి.

మూడోది పేరు. దీనిమీదే మేము ఎక్కువ తిరిగాం. ఆమె టీసీలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేదు. పుట్టినరోజు ఆధార్‌లో జనవరి 1. ఎన్‌రోల్ చేసినవాళ్లు వయసు అడిగి సంవత్సరం రాసుకుని, తారీఖు వాళ్లే వేసుకున్నారు. మన ఊళ్లలో ఇలా జనవరి 1న పుట్టిన ఆడవాళ్లు ఎంతమందో! పదో తరగతి మెమోలో పడిన పేరు, తారీఖే తర్వాత అన్ని చదువులకీ ఉద్యోగాలకీ ఆధారం. తర్వాత మార్చుకోవడం పెద్ద తిరుగుడు. అందుకని ఫారం నింపకముందే కాగితాలన్నీ ఒకచోట పరిచి, ఏ పేరుతో చదవాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. ఆ తర్వాత మిగతావి దానికి తగ్గట్టు సరిచేయించండి. మా సహచరి టీసీలోని పేరే ఉంచుకుంది. "ఏడో తరగతిదాకా చదివింది ఆ పిల్లే గదా" అంది.

నాలుగోది ఫోను. 2024 నుంచి దూరవిద్య డిగ్రీలో చేరేవాళ్లు యుజిసి పోర్టల్లో డెబ్ ఐడీ తీసుకోవాలి. దానికి ఎబిసి ఐడీ కావాలి, దానికి ఆధార్ కావాలి. ఆధార్‌కి లింకున్న నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎవరిది? చాలా ఇళ్లలో భర్తది, లేదా కొడుకుది. అంటే భార్య చదువుకోవాలంటే ఆయన ఫోనులో అంకెలు చూసి చెప్పాలి. ఇష్టం లేకపోతే చెప్పడు. పితృస్వామ్యం ఇప్పుడు ఇక్కడ కూడా కూర్చుంది. కనుక ఇతర పనులకంటే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆమె సొంత నంబరు ఎక్కించాలి.

ఐదోది సబ్జెక్టులు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఐదు సబ్జెక్టులు చాలు. ఎన్‌ఐఓఎస్‌లో లెక్కలు తప్పనిసరి కాదు. లెక్కలంటే భయపడి ఆగిపోయినవాళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే ముందేం చేయాలనుకుంటున్నారో చూసుకుని ఎంచుకోవాలి. నర్సింగ్ లాంటి కోర్సులు ఫలానా సబ్జెక్టు ఉండాలంటాయి, వాటికి పై వయసు పరిమితీ ఉంటుంది. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు. ఈ ఒక్క ముక్క చెబితే సగం భయం పోతుంది. ఐదూ ఒకేసారి రాయాలనుకోకండి. నాట్లప్పుడు, కాన్పుల సమయంలో ఒకటి వదిలేస్తే కొంప మునగదు.

ఆరోది డబ్బు. ఓపెన్ స్కూల్ ఫీజులో మహిళలకు రాయితీ ఉంటుంది, అడిగి తీసుకోండి. డిగ్రీకి వచ్చేసరికి ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం దూరవిద్యకు వర్తించదు. ఇరవై ఏళ్ల కొడుకు కాలేజీ చదువుకి ప్రభుత్వం ఫీజు కడుతుంది, నలభై ఏళ్ల తల్లి దూరవిద్యకి కట్టదు. దీనిమీద మనం ఇంతవరకు ఒక్క వినతిపత్రం కూడా ఇవ్వలేదు. పొదుపు సంఘాల్లో భర్త ఆటోకి, కొడుకు ఇంజనీరింగుకి, బిడ్డ పెళ్లికి అప్పులు తీశాం. "నా చదువుకి" అని అప్పు రాయించుకున్న సభ్యురాలు మీ సంఘంలో ఎవరైనా ఉన్నారా?

ఇక ఇల్లు. క్లాసులు ఎక్కువగా ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి. బట్టలు ఉతికేదీ, చుట్టాలొచ్చేదీ ఆ రోజే. "ఈ వయసులో చదువేంటి" అన్న మాట మా సహచరి భర్తకంటే ఎక్కువగా ఆడపడుచులే అన్నారు. దానికి మా దగ్గర పెద్ద ఉపాయమేం లేదు. మొదటి రెండు ఆదివారాలు నేనే వెళ్లి ఆమెను బండి మీద తీసుకెళ్లాను. మూడో వారం నుంచి ఎవరూ ఏమీ అనలేదు. నలభై దాటినవాళ్లను ముందు కళ్లు పరీక్ష చేయించుకోమనండి. అక్షరాలు ఆనక, బుర్రకి ఎక్కట్లేదని అనుకుంటూ కూర్చుంటారు. ఇరవై ఐదేళ్లుగా మూడు గంటలపాటు పెన్ను పట్టని చేయి పరీక్షలో నొప్పెడుతుంది, రోజూ రెండు పేజీలు రాయించండి. పరీక్షా కేంద్రంలో మరుగుదొడ్డి ఉందో లేదో, చంటిపిల్లలను ఎవరు పట్టుకుంటారో ముందురోజే చూసుకోవాలి. ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే, వాళ్లు ఎప్పుడూ పిల్లను చంకనేసుకుని పరీక్షకు పోలేదన్నమాట.

ఇవన్నీ చేయడానికి కొత్త ప్రాజెక్టు అక్కర్లేదు, ఫండింగూ అక్కర్లేదు. రేషన్ కార్డుకి, పింఛనుకి, కేసుకి మనం ఆడవాళ్ల వెంట వెళుతూనే ఉన్నాం. ఆ జాబితాలో ఇది కూడా చేర్చాలి. దానికంటే ముందు మన ఇల్లు సర్దుకోవాలి. మేము మూడు నిర్ణయాలు తీసుకున్నాం. కోఆర్డినేటర్ పోస్టుకి "డిగ్రీ, లేదా క్షేత్రస్థాయిలో ఎనిమిదేళ్ల అనుభవం" అని మార్చాం. చదువుకునే కార్యకర్తలకు పరీక్ష రోజుల్లో జీతంతో సెలవు ఇస్తున్నాం. ఫీజు సంస్థే కడుతోంది, జీతంలో కోయడం లేదు. పన్నెండేళ్ల ఆలస్యం దీనితో తీరిపోదు. మీ సంస్థల్లో గ్రామ కార్యకర్తలు ఎంతవరకు చదివారో, చదవాలనుకుంటున్నారో ఈ మూడు నెలల్లో కనుక్కోండి. వచ్చే సంచికకు మాకు రాయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు కూడా ఇవ్వాలన్న వినతిపత్రం అందరం కలిసి తయారుచేద్దాం.

మా సహచరి మొదటి విడతలో మూడు సబ్జెక్టులు రాసింది. తెలుగు, గృహవిజ్ఞానం పాసయింది. సాంఘికశాస్త్రంలో నాలుగు మార్కులు తగ్గాయి. పంచాయతీరాజ్ వ్యవస్థ గురించిన ప్రశ్నకు తనకు తెలిసిందంతా రాస్తూ కూర్చుంటే మిగతావాటికి టైం చాలలేదట. "వచ్చేసారి గడియారం పెట్టుకుని పోతనక్కా" అంది. గడియారం నేను కొనిచ్చాను.