గిడ్డంగి పనివేళలును, విరామమును

రబీ ధాన్యము కళ్లములనుండి సంఘపు గిడ్డంగికి చేరు దినములు సమీపించుచున్నవి. గోనెసంచు లెన్ని కావలయును, తేమ నూటికి 17 పాళ్లు మించకుండ ధాన్యము నెట్లారబెట్టవలయును, లారీ లెప్పుడు వచ్చును అను సంగతులను పాలకవర్గమువారు ఏటేట చర్చింతురు. కాటా వేయువారును, బస్తా లెత్తు హమాలీలును, చిట్టాలు వ్రాయు గుమాస్తాలును ఎన్ని గంటలు పనిచేయవలయును, ఎప్పుడు కూర్చుండవలయును అను ప్రశ్నను మాత్రము ఎవ్వరును ఎత్తరు. అది ఎత్తదగిన ప్రశ్న యని నా యభిప్రాయము.

"పంట పని నాలుగు వారములు, మిల్లు పని ఏడాది పొడుగునను. రెంటికి నొకే నియమమేల?" అని మనవారందురు. ఈ వాదము క్రొత్తది గాదు. 1934 నాటి ఫ్యాక్టరీల చట్టము దీనిని అంగీకరించినదే. ఏడాది పొడుగున నడచు ఫ్యాక్టరీలకు దినమునకు 10 గంటలు, వారమునకు 54 గంటలు పరిమితి విధించి, పంటకాలమున మాత్రము నడచు వానికి 11 గంటలు, 60 గంటలు విడిచిపెట్టెను. 1948 నాటి చట్టము ఆ భేదమును తొలగించెను. ఏ ఫ్యాక్టరీ యైనను దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదనియు, 5 గంటల కొకమారు అరగంటయైన విరామ మీయవలయుననియు, అదనపు గంటలకు రెట్టింపు కూలి యీయవలయుననియు శాసించెను. కొద్దికాలపు పనియైనంత మాత్రమున మనుష్యుని దేహము మారదు గదా!

పైగా మన కొద్దికాలము ఏప్రిలు, మే మాసములలో వచ్చును. 2015 మే మాసపు వడగాడ్పులకు ఉభయ తెలుగు రాష్ట్రములలో వేయిమందికి మించి మరణించిరి. సముద్రతీరపు జిల్లాలలో గాలియందలి తేమచే చెమట ఆరదు. ఆరని చెమట దేహమును చల్లార్పదు. రేకుల కప్పు క్రింద బస్తా మోయువాని గతి వేరుగ చెప్పనేల? ఎడ్లతో దున్నిన కాలమున ఎండ ముదురగనే రైతు కాడి దించి యెడ్లను చెట్టునీడకు తోలుచుండెను. ఆ పేరున తానును విశ్రమించుచుండెను. ట్రాక్టరుకు నీడ యక్కరలేదు గనుక, దానిని నడపువానికిని అక్కరలేదని యనుకొనుచున్నాము.

ఇచట నొక చిక్కు గలదు. హమాలీకి కూలి బస్తా లెక్కను ముట్టును. కూర్చున్నంతసేపు కూలి లేదు. అందుచే "అలసినవాడు విశ్రమింపవచ్చును" అను నియమము కాగితమునకే చాలును, ఎవ్వడును విశ్రమింపడు. విరామము వాని యిష్టమునకు విడువక, కాటానే మూసివేయవలయును.

ఉదయము 6 గంటలకు కాటా తెరచి 11 గంటలకు మూయవచ్చును. నడుమ చద్దికి అరగంట. మరల సాయంకాలము 4 మొదలు 7 వరకు. పొరుగూరినుండి వచ్చు గుమాస్తాకు ఈ నడిమి విరామము భారమగును, ఇంటికి పోలేడు; అట్టివారికి ఉదయ మొకరికి, సాయంకాల మొకరికి వంతులు పంచుట మేలు.

మబ్బు పట్టినప్పుడు ధాన్యము తడియునని రైతు పడు భయము నిజమైనదే. నేను దానిని తేలికగ చూచుటలేదు. ఆనాడు కాటా మూయకుండవచ్చును. మబ్బున్ననాడు ఎండ బాధయు కొంత తక్కువయే. కాని ఆ యదనపు గంటలకు రెట్టింపు కూలి సంఘమే చెల్లింపవలయును. తక్కిన దినములలో ముందు దినమే చీటీలిచ్చి, ఎవరి బండి ఏ పూట రావలయునో తెలిపినచో, రైతు మిట్టమధ్యాహ్నము గేటువద్ద పడిగాపులు పడడు. నిజమునకు ఆలస్యము చాలవరకు హమాలీల వలన గాక, బండ్లన్నియు ఒక్కమారే వచ్చుట వలన కలుగుచున్నది.

త్రాగునీటి కుండలు గిడ్డంగి లోపల, బస్తాలు దింపుచోటనే యుండవలయును. ఆఫీసు వసారాలో నుంచిన ప్రయోజనము లేదు. ఉప్పువేసిన మజ్జిగయు ఈయవచ్చును. ఈ ఏర్పాటును రాబోవు మహాజనసభ యెదుట పెట్టవలసినదిగా పాలకవర్గమువారిని కోరుచున్నాను. గంట కెన్ని బస్తాలు దిగినదియు కొనుగోలు ముగియువరకు చిట్టాలో వ్రాసియుంచినచో, వచ్చు యేడు ఈ వేళలను ఉంచవలయునో మార్చవలయునో సభ్యులే లెక్క చూచుకొనగలరు.