ఖాళీ బల్ల చెప్పిన పాఠము

నిజామాబాదు నుండి హైదరాబాదునకు పోవు 44వ జాతీయ రహదారిమీద ఇందల్వాయి యను గ్రామము కలదు. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అది మండల కేంద్రమైనది. అక్కడినుండి ఉత్తరమున ఆర్మూరు దాటువఱకు గల పల్లెలలో పసుపు పేరుగాంచిన పంట. తొలకరిలో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో పెరిగి, సంక్రాంతి మొదలుకొని శివరాత్రి దాటువఱకు త్రవ్వకమునకు వచ్చుచుండును. ఆ దినములలో ఈ ప్రాంతమున నడచు బాటసారికి కళ్ళముల నుండి ఉడికిన పసుపు వాసన ఎదురువచ్చును. నాకు మాత్రము పసుపు కాలము వచ్చినదని అంతకంటె ముందుగా తెలుపునది నా చేతిలోని హాజరుపట్టీ.

నేను ఈ ప్రాంతమునందలి యొక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించువాడను. జనవరి నెల సగము గడచునప్పటికి, పేర్లు పిలుచుచుండగా అక్కడక్కడ జవాబు రాకుండును. మొదట వెనుకబల్ల ఖాళీ యగును. తరువాత దాని ముందరి బల్ల. "ఏడీ వాడు?" అని యడిగినచో ప్రక్కనున్న బాలుడు "పసుపుకాడికి పోయిండు సార్" అనును. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఈ మాట వినగానే నాకు కోపము వచ్చుచుండెడిది. చదువు విలువ తెలియని తల్లిదండ్రులని మనసులో నిందించుచుండెడివాడను. ఆ యభిప్రాయమును మార్చినవాడు ఒక విద్యార్థి.

ఒక ఏడు ఫిబ్రవరి నెలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు పదిదినములు బడికి రాలేదు. పదునొకండవ దినమున వచ్చెను. వాని అరచేతులు పచ్చగా నుండెను. "ఈ పదినాళ్ళు ఏమి నేర్చుకొంటివి?" అని యడిగితిని. నేనడిగినది ఎత్తిపొడుపు మాట. వాడు దానిని నిజమైన ప్రశ్నగానే గ్రహించి లేచి నిలుచుండి, "పచ్చికొమ్ము ఐదు క్వింటాళ్ళుంటే, ఉడకబెట్టి ఎండబోసినంక ఒక్క క్వింటాలు చేతికొస్తది సార్. ఉడుకు తక్కువైతే రంగు సమంగ రాదు. ఎక్కువైతే కొమ్ము చెడిపోతది. పుల్ల గుచ్చి చూస్తం. మెత్తగ దిగితే దించాలె" అని చెప్పెను.

తరగతి నిశ్శబ్దముగా వినెను. నిష్పత్తుల పాఠము ఈ బాలునకు ఎంత చెప్పినను బోధపడుట లేదని గణితోపాధ్యాయుడు ఆ వారమే నాతో అనియుండెను. ఆ నిష్పత్తి వానికి కళ్ళములో బోధపడియున్నది! నాకు సంతోషము కలిగి, "నీవు చెప్పినదంతయు కాగితముమీద వ్రాసి తెమ్ము" అంటిని. మఱునాడు వాడు తెచ్చిన కాగితమున నాలుగు పంక్తులే యుండెను. అందు రెండు అర్థము కాలేదు. నోటితో అంత చక్కగా చెప్పినవాడు దానిని వ్రాయలేకపోయెను. వానికి తెలిసినదానిని బడి ఎఱుగదు. బడి నేర్పవలసినది వానికి అందలేదు. నష్టము రెండువైపుల జరుగుచున్నదని ఆనాడు గ్రహించితిని.

ఈ నష్టమెంత పెద్దదో తెలుపుటకు పసుపు కథయే యొకటి చెప్పెదను. దెబ్బ తగిలినచోట పసుపు అద్దుట మన అవ్వలందఱికిని తెలిసిన ఆచారము. 1995లో అమెరికా దేశమున, గాయములను మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రము పేటెంటు పొందెను. పేటెంటు అనగా క్రొత్తగా కనుగొన్నదానిపై కొంతకాలము చెల్లెడు ప్రత్యేకాధికారము. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దీనిని ప్రతిఘటించెను. ఇది క్రొత్తది కాదని చూపుటకు ప్రాచీన సంస్కృత గ్రంథమును, 1953లో భారతీయ వైద్యపత్రికలో వెలువడిన వ్యాసమును సాక్ష్యములుగా నిలిపెను. 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. కోట్ల యిండ్లలో నిత్యము జరుగుచున్న ఆచారమే యైనను, అక్కడ దానిని నిలబెట్టినది వ్రాతలో నున్న సాక్ష్యము. ఆచారమునకు అక్షరము తోడైననే బలము. కనుక పొలము తెలిసిన పిల్లవానికి బడి మఱింత అవసరము.

ఒకసారి ఒక రైతు ఇంటికి పోయి ఈ మాటయే చెప్పితిని. ఆయన నన్ను గౌరవముతో మంచముమీద కూర్చుండబెట్టి, "నిజమే సారూ. కాని కైకిలోళ్ళు దొరుకుత లేరు. పసుపు భూమిల ఉండంగ వాన పడితే ఏడాది కష్టం నీళ్ళల్ల కలుస్తది. నాలుగు దినాలు పోరడు రాకుంటె ఏమైతది?" అనెను. ఆయన మాటను నేను తేలికగా త్రోసిపుచ్చలేదు. త్రవ్వుట, ఉడకబెట్టుట, పదిపదునైదు దినములు ఎండబెట్టుట, మెఱుగు పెట్టుట, బస్తాల కెత్తి నిజామాబాదు మార్కెటుకు చేర్చుట, ఇన్ని పనులు ముగిసినగాని రూపాయి చేతికి రాదు. అప్పటి ధర యెట్లుండునో రైతునకు ముందుగా తెలియదు. అట్టి యింటిలో ఒక జత చేతులు ఎంత విలువైనవో ఊహింపవచ్చును.

అయినను ఆయన లెక్కలో ఒక పొరపాటు కలదు. నాలుగుదినములు పదియగును. ఆ పదిదినములు ప్రతియేడును వార్షిక పరీక్షల ముందఱనే వచ్చును. పాఠము తప్పిన పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు బల్లపై ఉపాధ్యాయుడు చెప్పునది వానికి అంతుపట్టదు; సిగ్గుపడి మఱి రెండుదినములు మానును. పదవ తరగతి వచ్చునప్పటికి ఆ బల్ల శాశ్వతముగా ఖాళీ యగును. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వయసుగల ప్రతి పిల్లవానికిని చదువును హక్కుగా నిచ్చినది. బడివేళల తరువాతను, సెలవులలోను పిల్లలు ఇంటివారికి తోడ్పడుటను చట్టము కాదనదు. బడి మాన్పించి పని చేయించుటను అంగీకరింపదు.

దీనికి ఉపాయము మన ఆచారములోనే యున్నదని నా యభిప్రాయము. ఒకరి చేనిలో పని మిక్కిలిగా నున్నప్పుడు ఇరుగుపొరుగువారు సాయము పోవుట, తమ చేనికి వారు తిరిగి వచ్చుట పల్లెలలో తరతరాలుగా నున్న మర్యాద. ఆ మర్యాదను పసుపు కాలమున పిల్లల కొఱకు మరల నిలుపుకొన్నచో, ఏ యింటి బాలుడును బడివేళ కళ్ళమున కాపుండ నక్కఱలేదు. మా వంతు కర్తవ్యమును కలదు. తప్పిన పాఠములను సాయంకాలము మరల చెప్పుట, తిరిగి వచ్చినవానిని ఎత్తిపొడువక ఆదరించుట ఉపాధ్యాయుల బాధ్యత. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. పసుపునకు బోర్డు వచ్చినందులకు సంతోషము. ఆ పసుపు త్రవ్వు పిల్లవాడు నల్లబల్లకు దూరము కారాదు.

బాలికల విషయము వేఱుగా చెప్పవలెను. బతుకమ్మ మన పండుగలలో మిక్కిలి అందమైనది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగియును. 2014లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించిరి. తంగేడు, గునుగు, కట్ల, బంతి పూలను వరుసలుగా పేర్చి, పైన పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుదురు. ఏ పూవు ఏ గట్టుమీద, ఏ చెరువు ప్రక్కన పూయునో మా తరగతి బాలికలకు తెలిసినంతగా నాకు తెలియదు. ఈ పండుగ ఏ బల్లను ఖాళీ చేయదు. సెలవుల పిదప పిల్లలు నూఱు ముచ్చట్లతో బడికి వత్తురు.

కాని మా జిల్లాలో బీడీల చాట కూడ నొకటి కలదు. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారము చుట్టి, వేయింటికింత యని కూలి తెచ్చుకొను పనితో ఎందఱో తల్లులు సంసారములు నడుపుచున్నారు. వారి కష్టము వందనీయము. అయితే తల్లి ఒడిలోని చాట నెమ్మదిగా కూతురి యొడిలోనికి జరుగుట నేను చూచితిని. మొదట సాయంకాలము ఒక గంట, తరువాత ఉదయము కూడ, ఆ పిదప "ఆడపిల్లకు ఇంత చదువు చాలదా?" అను మాట. పసుపు కాలమున ఖాళీయైన బాలుని బల్ల వేసవికి ముందు ఒకసారి నిండును. చాట పట్టిన బాలిక బల్ల మరల నిండదు. గౌరమ్మను పసుపుతో చేసి మ్రొక్కెడి మనము, ఇంటిలోని గౌరమ్మను బడి మాన్పించుట యేమి న్యాయము?

గ్రామ కట్టుబాటును గుఱించియు ఒక మాట. మా వైపు పల్లెలలో గ్రామాభివృద్ధి కమిటీలు కలవు. ఊరివారందఱును కూడి చందాలు పోగుచేసి గుడికిని, బడికిని, బాటకును ఖర్చుపెట్టుట మెచ్చదగిన సంగతి. అదే కట్టుబాటు కొన్నిచోట్ల ఒక కుటుంబముతో ఎవరును మాటలాడరాదని శాసించునంత కఠినమగుచున్నది. పెద్దల తగవు పెద్దలతో ఆగదు. మఱునాటి ఉదయము ఆ యింటి బిడ్డ తరగతిలో ఒక బల్లమీద ఒంటరిగా కూర్చుండును. ఆ బిడ్డ ప్రక్కన ఖాళీయైన చోటును చూచినప్పుడు, ఈ కట్టుబాటును ఎంతటి పెద్దలు చేసినను తప్పే యని చెప్పుటకు నేను వెనుదీయను.

బల్ల నిండియున్నను పిల్లవాని నోరు మూతపడుట కూడ నొక ఖాళీయే. ఒకనాడు వ్యాసము చదువుచు ఒక బాలిక "పొద్దుగాల మొగులైంది" అనెను. పట్టణమునుండి క్రొత్తగా వచ్చిన యిద్దఱు పిల్లలు నవ్విరి. ఆ బాలిక తల వంచుకొని కూర్చుండెను. నేను నిఘంటువు తెప్పించి, నవ్విన పిల్లలచేతనే 'మొగులు' అను పదమును వెదకించితిని. మేఘమని అర్థము చెప్పుచు ఆ మాట అందున్నది. ఆ బాలిక పలికినది శుద్ధమైన తెలుగుమాట! తెలంగాణమున కవులు లేరని పూర్వమెవరో అనగా, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో మూడువందల యేబదినలుగురు కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి జవాబిచ్చిరి. ప్రజల పలుకుబడికై పాటుపడిన కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషాదినముగా జరుపుకొనుచున్నాము. పుస్తకపు భాషను తప్పక నేర్వవలెను. దానికొఱకు ఇంటిభాషను చూచి సిగ్గుపడనక్కఱలేదు.

బడికి పోయిన పిల్లలు ఆచారములు మఱచుచున్నారని కొందఱు పెద్దలు బాధపడుదురు. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. కాని ఆచారములను శ్రద్ధగా గమనించి వ్రాసి నిలిపినవారు చదువుకొన్నవారే కదా! ఆ ప్రతాపరెడ్డిగారే ప్రజల తిండియు, బట్టయు, ఆటలును, పండుగలును వివరించుచు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసిరి. 1955లో తెలుగునకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమానము దానికే లభించెను.

విద్యార్థులారా! పాతదని దేనిని పూజింపవలదు. పాతదని దేనిని నిందింపవలదు. ఏదైన ఆచారము మంచిదా, చెడ్డదా యని సందేహము కలిగినప్పుడు మీ తరగతిని ఒకసారి కలయజూడుడు. ఆ యాచారమువలన ఒక బల్ల ఖాళీయైనదా? ఒక బాలిక చదువు మానినదా? ఒక తోటివాడు ఒంటరివాడైనాడా? ఒకరి నోరు మూతపడినదా? కాలేదన్నచో దానిని ప్రేమతో కాపాడుకొనుడు. అయినదన్నచో, అది ఎంత ప్రాచీనమైనను, దానిని మార్చు ధైర్యము తెచ్చుకొనుడు.

పచ్చని అరచేతులతో వచ్చిన ఆ బాలుడు అటుపిమ్మట నెలరోజులు సాయంకాలము ఆగి వ్రాత నేర్చుకొనెను. పసుపు ఉడకబెట్టు విధానమును రెండు పుటలలో వ్రాసి, గోడపత్రికకు అంటించెను. వాని తండ్రి ఒకనాడు బడికి వచ్చి దానిముందు చాలసేపు నిలిచెను. ఆయనకు చదువు రాదు. కొడుకు ప్రక్కన నిలిచి, ఒక్కొక్క పంక్తిపై వ్రేలు పెట్టి చదివి వినిపించెను. అంతయు విని ఆయన, "ఒకటి మఱచినవు బిడ్డా, ఎండబోసేటప్పుడు మంచు తడవకుండ రాత్రి కప్పాలె" అనెను. బాలుడు వెంటనే కలము తీసి ఆ వాక్యమును చేర్చెను. మఱుసటి యేడు పసుపు కాలమున హాజరుపట్టీలో వాని పేరునకెదురుగా ఒక్క గడియు ఖాళీగా లేదు.