పంపు కన్నా ముందు టైర్లు

చర్ల, దుమ్ముగూడెం అడవి దారుల్లో కంపెనీ టైర్లు తీసేసి వెడల్పాటివి వేయించిన పాత బొలెరోలు తరచూ కనిపిస్తాయి. స్టీరింగ్ బరువెక్కగానే అందరూ పవర్ స్టీరింగ్ పంపునే తిడతారు. నా అనుమానం మాత్రం ఆ టైర్ల మీదే. పంపును తిప్పేది ఇంజినే కాబట్టి, ఇంజిన్ నెమ్మదించినప్పుడు అది తోసే ఆయిలూ తగ్గుతుంది. వాగు దిగి బురదలో బండి తిప్పేటప్పుడు సాయం కావాల్సింది సరిగ్గా అప్పుడే. ఆ సమయంలో వెడల్పు టైరు నేలను కరుచుకుని మొండికేస్తే పంపు ఏం చేస్తుంది? కొత్తది కొనేముందు బెల్టు బిగువు, ఆయిల్ మట్టం, టైర్లలో గాలి చూడండి. ఇంజిన్ ఆపి, ముందు చక్రాలు జాకీ మీద లేపి తిప్పినా ఎక్కడో పట్టేస్తుంటే బాల్ జాయింట్లనూ అనుమానించాలి. ఈ దారుల్లో రోగిని భద్రాచలం ఆసుపత్రికి చేర్చే డ్రైవరు భుజాల కోసమైనా పాత సైజు టైర్లే వేయించమంటాను.